మూడు పళ్ల కాలు

నగరిలో తాను పనిచేసే పవర్‌లూమ్ షెడ్డు మూతపడిన ఏడాదే చౌడేశ్వరమ్మ ఏర్పేడుకు వచ్చింది. ఊరికి కాస్త ఎడంగా ఉన్న పెద్ద చదువుల క్యాంపస్‌లో భర్త మురుగేష్‌కు గేటు దగ్గర కాపలా పని దొరికింది. ఆమెకు అక్కడే ఊడ్చి తుడిచే పని. ఇరవై ఆరేళ్లు మగ్గాల హోరులో తెగిన పోగులు అతికిన మనిషి. ఆ నిశ్శబ్దపు గదుల్లో మొదటి నెలంతా ఆమెకు చెవులు దిబ్బళ్లు పడినట్టే ఉండేది. పని కష్టమని కాదు. ఆ చేతులకు ఆ పని చాలేది కాదు. చీపురు పట్టుకున్నప్పుడు కూడా బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే రాసుకుంటూ, లేని పోగు కోసం వెతుక్కునేవి.

రెండో అంతస్తులో పక్షుల మీద పరిశోధన చేసేవాళ్ల గది ఉంది. అందులో నందిత అనే అమ్మాయి పొద్దస్తమానం బల్ల ముందు వంగి కూర్చునేది. చిత్తూరు పిల్ల, కోర్టు గుమాస్తా కూతురు. ఆమె ముందు తెల్ల పళ్లెంలో గోలీకాయంత నల్లటి ఎండు ఉండలు పరిచి ఉండేవి. అవేవో ఎలుకల తాలూకు చెత్త అనుకుని చౌడేశ్వరమ్మ ఒకరోజు ఎత్తిపోయబోతే నందిత గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, పారేయొద్దు. నా చదువంతా వాటిలోనే ఉండాది."

"ఏంది పాపా ఇవి?"

"పాలపిట్ట కక్కిన ఉండలు."

పాలపిట్ట పురుగును మింగుతుందనీ, మెత్తటిదంతా అరిగిపోగా మిగిలిన పెంకులూ కాళ్లూ దవడలూ ఉండచుట్టి నోటి గుండా కక్కేస్తుందనీ నందిత చెప్పింది. ఆ ఉండను విప్పితే పిట్ట ఏం తిన్నదో తెలుస్తుంది. ఆమె గురువు జయరావు గారు పన్నెండేళ్ల కిందట రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి దాకా కరెంటు తీగల మీద వాలిన పాలపిట్టల్ని లెక్కపెడితే నలభై మూడు తేలాయట. పోయిన ఏడాది అదే నెలలో, అదే దారిలో నందిత లెక్కపెడితే పద్నాలుగే.

"తిండి దొరక్క తగ్గిపోతా ఉండాయో, తిన్న తిండే చంపతా ఉండాదో తెలుసుకోవాలక్కా. మొదట అసలేం తింటాయో తెలియాల గదా."

చెప్తూనే ఆమె పట్టకారుతో ఒక ఉండను లాగింది. అది పొడిపొడిగా రాలిపోయింది. నందిత కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఆ వారంలో అట్లా పాడైనది అది పదో ఉండ.

చౌడేశ్వరమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కొని వచ్చింది. "నేనొకటి విప్పి సూడనా?"

పట్టకారు ఆమెకు నచ్చలేదు. రెండు సన్నటి సూదులు అడిగింది. ఉండను గోరువెచ్చటి నీళ్లలో వేసి, అది తడి పీల్చుకునేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత ఒక సూదితో ఆనించి పట్టి, రెండో సూదిని అడుగు నుంచి పైకి తెచ్చింది. చిక్కుపడిన నూలు కండెలో కొస ఎక్కడుందో కళ్లతో వెతికితే దొరకదు, వేళ్లతో వెతకాలి. ఆ కొస దొరికింది. ఉండ తెగలేదు. విడింది. మిడత కాలు మొత్తం, తొడ దగ్గర నుంచి ముళ్ల దాకా, నీళ్లలో తేలింది. దాని పక్కనే రెండు దవడలు, ఒక పెంకు, రాత్రిళ్లు కీచుమనే ఇలకోడి తల.

నందిత తన పట్టకారు పక్కన పెట్టేసింది. ఇంకో ఉండను ఆమె ముందుకు జరిపింది.

సంగతి జయరావు గారి దాకా పోయింది. ఆయన మంచివాడే గానీ పట్టింపు మనిషి. "ఊడ్చే ఆవిడ చేత పరిశోధన చేయించారని రేపు ఎవరైనా అంటే ఏం చెబుతావు?" అని నందితను అడిగాడు.

"ఆమె చేతుల్ని చూసి అడగమంటాను సార్."

ఆయన పరీక్ష పెడతానన్నాడు. మరుసటి రోజు తన చేత్తోనే పన్నెండు గిన్నెల్లో రకరకాల ముక్కలు వేసి, ఏ గిన్నెలో ఏముందో తన పుస్తకంలో రాసుకుని, పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆమెను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ గదిలో చౌడేశ్వరమ్మ కుర్చీలో కూర్చోవడం, అదీ ఆయన ఎదుట, అదే మొదటిసారి. చీర కొంగు నడుముకు బిగించి, భూతద్దం మీదికి వంగింది.

"ఇది ఇలకోడి. ఇది పేడపురుగు, కాళ్లు పారల మాదిరి ఉండాయి సూడండి. ఇది ఉసిళ్ల రెక్క. ఇదీ ఇలకోడే సార్, రెండుసార్లు పెట్టినారు." ఏడో గిన్నె దగ్గర ఆగింది. సూదితో తిప్పి, గోటి మీద పెట్టుకుని చూసింది. "ఇది పురుగు కాదు. చింతగింజ పొట్టు."

జయరావు గారి మీసం కింద కొంచెం కదలిక కనిపించింది. పన్నెండో గిన్నెను ఆమె చాలాసేపు చూసింది. నందిత తన గోళ్లు కొరుక్కుంటోంది.

"ఇది నాకు తెల్దు సార్."

"ఏదో ఒకటి చెప్పండి."

"తెలియనిది ఎట్లా సెప్పేది? సెప్తే మీ లెక్క తప్పిపోతాది."

ఆయన జేబులోంచి పుస్తకం తీసి నందితకిచ్చాడు. పదకొండూ సరిపోయాయి. పన్నెండో గిన్నెలోది ఈ ప్రాంతంలోనే లేని పురుగు, ఎక్కడో కొండల్లో పట్టి తెచ్చింది. "తెలియనిదాన్ని తెలియదనడం మా పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పినా రాదు," అన్నాడాయన. "చౌడేశ్వరమ్మ గారూ, రేపటి నుంచి మీరు ఈ గదిలోనే పని చేయండి. ఆఫీసుతో నేను మాట్లాడతాను."

గారూ అన్న మాట ఆమె చెవిలో రోజంతా మోగింది. ఇంటికి పోయి మురుగేష్‌కు చెబితే అతను అన్నం కలుపుతూ ఆగి, "నిన్నేనా?" అన్నాడు. "నన్నే," అంది.

ఆ మాఘమాసం నుంచి చైత్రం దాకా ఆమె మూడు వందల ఉండలు విప్పింది. ఆమె తన మాటల్లో పేరు చెప్పేది, నందిత పుస్తకం చూసి శాస్త్రంలో దాని పేరు రాసుకునేది. ఎండాకాలం కాని నెలల్లో పిట్ట తిండి తేటగా తెలిసిపోయింది: మిడతలు, ఇలకోళ్లు, పేడపురుగులు. చిక్కంతా కిందటేడు వైశాఖంలో, గూళ్లలో పిల్లలున్న రోజుల్లో ఏరిన ఉండల దగ్గర వచ్చింది. వాటిలో దాదాపు సగం గోధుమరంగు పెంకు ముక్కలే. పోల్చి చూసుకోవడానికి నందిత పెట్టెల్లో గుచ్చి ఉంచిన పురుగులన్నీ చలికాలంలో పట్టినవి. వాటిలో దేనితోనూ ఆ ముక్కలు కలవలేదు. లెక్కల కాగితం మీద ఆ నెల గడిలో 'తెలియనివి' అని రాసి ఉండేది.

"పిల్లల్ని పెంచే రోజుల్లో ఏం తింటాయో తెలియకపోతే మనకేమీ తెలియనట్టే," అన్నాడు జయరావు గారు. "ఆ గడి నిండితేనే ఇది పరిశోధన."

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం చౌడేశ్వరమ్మ ఆ ముక్కల్లోంచి చిన్న కాలొకటి తీసి అద్దపు పలక మీదికి చేరుస్తుండగా అది జారి ఒడిలో పడింది. ఎత్తబోతే రాలేదు. చీర నేతలో చిక్కుకుంది. మెల్లగా లాగింది. పోగు సాగింది గానీ కాలు వదల్లేదు. ఇంకొంచెం లాగేసరికి పోగు పుటుక్కుమంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ పుటుక్కుమన్న చప్పుడు ఆమెకు తెలుసు. నగరిలో తొలకరి వాన పడిన సాయంత్రం షెడ్డులో ట్యూబులైట్లు వేయగానే గోధుమరంగు పెంకు పురుగులు గుంపులుగా వచ్చి లైట్లకు కొట్టుకొని మగ్గాల మీద పడేవి. పడినవి ఊరికే పడివుండేవి కావు. కాళ్లు మగ్గం మీది పడుగు పోగుల్లో ఇరికించుకుని గిలగిల కొట్టుకుంటూ ఒక్కో పురుగు పదేసి పోగులు తెంపేది. వాటిని ఊడదీసి, తెగిన పోగులన్నీ ఒక్కొక్కటిగా అతికేసరికి నడుము పడిపోయేది.

కాలును భూతద్దం కిందికి తోసి చూసింది. ముందరి కాలు. బయటి అంచున రంపానికి ఉన్నట్టు పళ్లు. లెక్కపెట్టింది. మూడు.

"పాపా, ఇట్లా రా. దీన్ని నేను ఇరవై ఆరేళ్లుగా తిట్టుకుంటా ఉండాను. ఇది వానకు లేచే పెంకు పురుగు. వేపాకు తినేది."

నందిత చూసింది. మళ్లీ చూసింది. పుస్తకం తెచ్చి పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివి, నెమ్మదిగా తలెత్తింది. "అక్కా, ఇది సెనక్కాయ చేలల్లో వేరు పురుగుకు తల్లి."

మనసులో అనుకుంటే చాలదు, విరగని పూర్తి పురుగు కావాలన్నాడు జయరావు గారు. వానకు ఇంకా నెల ఉంది. కానీ వాన వచ్చేదాకా ఆ పురుగులు నేల అడుగునే ఉంటాయి కదా, తవ్వితే దొరకవా అని చౌడేశ్వరమ్మే అడిగింది. మర్నాడు ముగ్గురూ నారప్పకండ్రిగకు పోయారు. కిందటేడు ఉండలు ఏరింది ఆ ఊళ్లోనే. చిన్నబ్బ అనే అరవయ్యేళ్ల రైతు చేని గట్టు మీద తలలు రాలిపోయిన తాటి మోడులు మూడున్నాయి. వాటి తొర్రల్లో పాలపిట్టలు గుడ్లు పెడతాయి. వీళ్లు పోయేసరికి చిన్నబ్బ మొదటి మోడు కింద గొడ్డలి పెట్టుకుని బీడీ తాగుతున్నాడు.

"కొట్టేస్తా ఉండాను సార్. గాలికి యాడ మీద పడతాయో అని భయం."

"పది నిమిషాలు ఆగన్నా," అంది చౌడేశ్వరమ్మ. "నీ వేపచెట్టు కింద రొంత తవ్వుకుంటాం."

మోకాటి లోతు తవ్వగా గడ్డ పగిలి మూడు పురుగులు దొర్లాయి. నిద్రపోతున్నట్టు కాళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఆమె ఒకదాన్ని పట్టి ముందరి కాలు సాగదీసి గోటితో తడిమింది. భూతద్దం తీయకముందే తల ఊపింది. జయరావు గారు భూతద్దంతో చూసి, నందిత తెచ్చిన ముక్క పక్కన పెట్టి చూసి, "అదే," అన్నాడు.

చిన్నబ్బకు ఇదంతా వింతగా ఉంది. "దాంతో నాకు పన్నెండేళ్ల పగ. అది గుడ్లు పెడితే పుట్టే తెల్లపురుగు వేర్లు కొరికి సెట్టు సెట్టునీ ఎండబెడతాది. వానకు లేచి వేపచెట్టెక్కే దినాల్లో మందు కొట్టమని సెప్పినారు. ఈ ఏడు ఊరంతా ఒకేసారి కొట్టాలని తీర్మానం చేసుకున్నాం."

"పాలపిట్ట దీన్నే తింటాదన్నా, పిల్లలుండే దినాల్లో," అంది నందిత.

చిన్నబ్బ నవ్వాడు. వెక్కిరింత నవ్వు కాదు, జాలి నవ్వు. "తినీలే పాపా. నేల కింద లక్ష ఉంటే పిట్ట పది తింటాది. ఆ పదితో నా చేను బతుకుతాదా?"

మీ పని తేలేదాకా మోడుల జోలికి పోనులే అని గొడ్డలి భుజాన వేసుకుని పోయాడు. జీపులో తిరిగి వస్తుంటే చౌడేశ్వరమ్మ అడిగింది: "ఆ ముసలాయన మోడు కింద పోయినేడు ఏరిన ఉండలు మొత్తం మన కాడ ఉండాయా?"

"ఉండాయక్కా. రోజువారీగా, తేదీలు వేసి."

"అయితే పదో, వెయ్యో నేను సెప్తా."

పదిహేను రోజులు ఆమె తల ఎత్తలేదు. ఆ పెట్టెలోని ప్రతి ఉండలోంచీ మూడు పళ్ల కాళ్లు వేరుచేసింది. ఒక్కో పురుగుకు ఒక్క కాలు చొప్పున తెల్లటి మల్లు బట్ట మీద గోందుతో అంటించింది. ఒక రోజుకు ఒక వరస. వరసలు నేతలాగే సూటిగా వచ్చాయి. ఇరవై రెండు వరసలయ్యాక కాళ్లు అయిపోయాయి. మొత్తం ఆరు వందల ఎనభై నాలుగు. ఒక్క గూడు, ఒక్క జంట, దొరికిన ఉండల్లో తేలినవే అన్ని.

మే మొదటి వారంలో నారప్పకండ్రిగ బడి వరండాలో రైతులు కూడారు. మందు డబ్బాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. నందిత లేచి నాలుగు మాటలు చెప్పింది గానీ గొంతు వణికి కూర్చుండిపోయింది. అప్పుడు చౌడేశ్వరమ్మ సంచిలోంచి బట్ట తీసి నేల మీద పరిచింది.

"నేను చదువుకున్నదాన్ని కాదు. నేసేదాన్ని. చిన్నబ్బన్న పిట్ట పది తింటాదన్నాడు. ఇది ఆయన మోడులో ఉన్న జంట పోయినేడు తిన్న లెక్క. ఒక్కో కాలూ ఒక్కో పురుగు. వచ్చి లెక్కపెట్టుకోండి."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకరు వంగారు. ఇంకొకరు. ఒక ముసలామె అరచేత్తో నిమిరి, రంపం మాదిరి గరగరలాడుతోందని అందరికీ చెప్పింది. ఒకాయన నిజంగానే మూడు వరసలు వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఒక్కో ఆడపురుగు ముప్పై నలభై గుడ్లు పెడుతుందని జయరావు గారు చెబితే వరండాలో గుసగుసలు మొదలయ్యాయి.

చిన్నబ్బ మాత్రం బట్ట అడుగు అంచు చూస్తున్నాడు. "ఇరవై రెండు వరసలే ఉండాయి. కింద అంత బట్ట ఊరికే వదిలినావు. ఎందుకమ్మా?"

చౌడేశ్వరమ్మ చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం చూసింది. "ఇరవై రెండో దినం సాయంత్రం నువ్వు వేపచెట్లకు మందు కొట్టినావన్నా. ఈ పాప రెండు దినాలు ఆగి వచ్చి సూస్తే తొర్రలో పిల్లలు మూడూ సచ్చిపోయి ఉండాయి. నోళ్లలో ఇవే పెంకు ముక్కలు."

తప్పు పట్టడానికి ఆమె రాలేదు, అడిగాడు కాబట్టి చెప్పింది. చిన్నబ్బ తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకు తెల్దు," అన్నాడు చివరికి. "నా కోసం పని చేసేదాన్ని నేనే సంపుకున్నానని నాకు తెల్దబ్బా." తర్వాత లేచి రైతుల వైపు తిరిగాడు. "తూర్పు పక్క పదహారు వేపచెట్లు ఉండాయి. ఈ ఏడు వాటికి మందు వద్దు. పురుగు లేచిన పూట సెట్టు దులిపి కింద పరిసిన పట్టలో పట్టుకుందాం. పడమటి పక్కోళ్లు మీ ఇష్టం, కొట్టుకోండి. పంటకు ఎవరి చేను ఎట్లా ఉంటాదో సూద్దాం."

"పదహారు సెట్లు ఎవరు దులిపేది?" అని ఎవరో అడిగారు.

"నేనొస్తా," అంది చౌడేశ్వరమ్మ. "వాటిని ఊడదీయడం నాకు కొత్త కాదు."

మే పద్దెనిమిదిన వాన పడింది. మధ్యాహ్నం మూడుకు ఉరిమి, నాలుగున్నరకు ఆగిపోయింది. చిన్నబ్బ ఫోన్ చేసేసరికి జీపు బయల్దేరి ఉంది. మురుగేష్ కూడా సెలవు పెట్టి వచ్చాడు. పొద్దు వాలుతుండగా నేల ఉడికినట్టు అక్కడక్కడా మట్టి కదిలింది. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని పురుగులు గుయ్యిమంటూ లేచి వేపకొమ్మల మీద వాలాయి.

మోడు మీద కూర్చున్న పాలపిట్ట అప్పటిదాకా మట్టి రంగులో కదలకుండా ఉంది. ఒక్కసారిగా రెక్క విప్పింది. ఆ నీలం చూడటానికి చౌడేశ్వరమ్మ రెండడుగులు ముందుకు వేసింది. నాలుగు నెలలుగా ఆ పిట్ట కడుపులోని దాన్నంతా ఎరిగిన మనిషి, అంత దగ్గర నుంచి దాని రెక్కను అదే మొదటిసారి చూడటం. అది గాల్లోనే పురుగును పట్టి, మోడు అంచుకు నాలుగుసార్లు బాది, తొర్రలోకి తల పెట్టింది. లోపలి నుంచి కీచుమంటూ అరుపులు. వెంటనే జంటలో రెండో పిట్ట వచ్చింది.

కింద మనుషులు పదహారు చెట్ల కింద పట్టలు పరిచారు. వెదురు గడలతో కొమ్మలు దులిపితే పురుగులు వడగళ్లలా రాలాయి. ఊడ్చి కిరసనాయిలు కలిపిన నీళ్ల బకెట్లలో పోశారు. ఆడవాళ్ల కొంగులకు పురుగులు పట్టుకుంటే చౌడేశ్వరమ్మ పోగు తెగకుండా ఎట్లా ఊడదీయాలో చూపించింది: లాగకూడదు, పళ్ల వైపుకు తోయాలి. పైన పిట్టలు, కింద జనం. దీపాలు పెట్టే వేళకు బకెట్లు నిండాయి. అట్లా ఆరు సాయంత్రాలు చేశారు. రెండో సాయంత్రానికే పడమటి పక్క నుంచి నలుగురు గడలు పట్టుకుని వచ్చారు.

జూన్ రెండో వారంలో చిన్నబ్బ మోడులోంచి నాలుగు పిల్లలు ఎగిరాయి. మొదటిది తొర్ర అంచున అరగంట ఊగిసలాడి, దూకి, ఎగరలేక చేలో పడి, మళ్లీ లేచి తుమ్మచెట్టు దాకా పోయింది. గట్టు మీద కూర్చున్న చిన్నబ్బ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఊళ్లో తూర్పు పక్క నాలుగు గూళ్లలో కలిపి పదకొండు పిల్లలు ఎగిరాయని నందిత రాసుకుంది. కిందటేడు ఆ గడిలో సున్నా ఉంది.

పంట సంగతి ఆగస్టులో తేలింది. చేలల్లో గజం మేర చదరాలు గీసి తవ్వి తెల్లపురుగుల్ని లెక్కపెట్టారు. మందు కొట్టిన పడమటి పక్క చదరానికి రెండు చొప్పున, మందు కొట్టని తూర్పు పక్క ఒకటి చొప్పున తేలాయి. చిన్నబ్బ తన చేనంతా నడిచి ఎండిన చెట్ల కోసం వెతికాడు. వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. ఇదంతా పిట్టల వల్లే అనడానికి లేదు, మనుషులూ దులిపారు, ఒక్క ఏడాదితో ఏదీ తేలదు అని జయరావు గారు హెచ్చరించాడు. "అది మీరు రాసుకోండి సార్," అన్నాడు చిన్నబ్బ. "మోడులు మాత్రం నేను కొట్టను." గాలికి పడకుండా మూడు మోడులకూ వెదుళ్లు ఊతంగా పెట్టి కట్టాడు.

నవంబరులో తిరుపతిలో పక్షుల మీద పెద్ద సభ జరిగింది. దేశం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు వచ్చారు. తెర మీద పరిశోధన పేరు పడింది, దాని కింద ముగ్గురి పేర్లు. మొదటిది నందిత. రెండోది చౌడేశ్వరమ్మ. జయరావు గారిది చివర. మురుగేష్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో వెనక వరసలో కూర్చుని ఆ రెండో పేరును కూడబలుక్కొని చదివాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా పోల్చుకున్నాడు.

నందిత ఈసారి వణక్కుండా మాట్లాడింది. ప్రశ్నల వేళ ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి, కాళ్లను లెక్కపెట్టి పురుగుల సంఖ్య చెబుతున్నారు, ఒకే పురుగును రెండుసార్లు లెక్కపెట్టలేదని నమ్మకమేమిటి అని ఇంగ్లీషులో అడిగాడు. నందిత నోరు తెరవబోయి ఆగి, ప్రశ్నను తెలుగులో చెప్పి మైకు చౌడేశ్వరమ్మ చేతికిచ్చింది.

ఆమె లేచి నిలబడింది. హాలంతా ఆమె వైపే చూస్తోంది. మైకు చల్లగా ఉంది. చేతులు మాత్రం నిలకడగా ఉన్నాయి.

"ఎడమ కాలికీ కుడి కాలికీ తేడా ఉండాది సార్. పళ్లు వంగే దిక్కు వేరే. నేను ముందరి ఎడమ కాళ్లు మాత్రమే లెక్కపెట్టినా. ఒక్క పురుగుకు ముందరి ఎడమ కాలు ఒకటే ఉంటాది. విరిగిపోయి మూడు పళ్లూ తెలియకుండా ఉండేవి వదిలేసినా. కాబట్టి పిట్ట తినింది దీనికంటే ఎక్కువే గానీ తక్కువ కాదు."

జయరావు గారు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ప్రశ్న అడిగిన పెద్దాయన కూర్చోలేదు. నిలబడే ఉండి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. తర్వాత హాలంతా కొట్టింది. చౌడేశ్వరమ్మకు ఒక్క క్షణం మగ్గాల షెడ్డులో ఉన్నట్టనిపించింది, అంత హోరు. ఆ హోరులో ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

బయట కాఫీ తాగుతున్నప్పుడు నందిత కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడుపెందుకు పాపా, గెలిచినాం గదా," అంది.

"అందుకే అక్కా."

ఆ మరుసటి సంవత్సరం నారప్పకండ్రిగ మొత్తం మందు మానేసింది. పక్కనున్న మూడు ఊళ్ల వాళ్లు వచ్చి బట్ట చూపించమని అడిగారు. ఒక ఊళ్లో పాత కొబ్బరి మోడులు కొట్టడం ఆపారు. మోడులే లేని ఇంకో ఊళ్లో జయరావు గారి విద్యార్థులు చెక్కపెట్టెలు కట్టి స్తంభాలకు వేలాడదీశారు. ఒకదానిలో మైనాలు చేరాయి, ఒకదానిలో పాలపిట్ట.

మళ్లీ లెక్కల నెల వచ్చింది. రేణిగుంట నుంచి పొద్దున్నే బయల్దేరారు. నందిత ఎడమవైపు తీగలు, చౌడేశ్వరమ్మ కుడివైపు తీగలు చూస్తూ, జీపు నెమ్మదిగా శ్రీకాళహస్తి చేరింది. మొత్తం పంతొమ్మిది. నందిత నమ్మలేదు. జీపు వెనక్కి తిప్పించి మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టించింది. ఈసారి ఇరవై వచ్చాయి.

"ఏది రాయాలక్కా?" పెన్ను పట్టుకుని అడిగింది.

చౌడేశ్వరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. తీగ మీద ఒకటి కూర్చుని, తల వంచి కింద చేనులో దేన్నో గురిచూస్తోంది.

"పంతొమ్మిదే రాయి, మొదట లెక్కపెట్టిందే లెక్క. ఆ ఇరవయ్యోది మొదట మనం పోయినప్పుడు పురుగు కోసం కిందికి దిగి ఉంటాది. వచ్చే ఏడు లెక్కలోకి వస్తాదిలే."